గురువు పేరు: ఖాళీగా ఉంచరాదు

ఆవుల పెంచలయ్య తన ఇరవై ఆరేళ్ళ రెవెన్యూ సర్వీసులో కులాన్ని ధ్రువీకరించాడు, నివాసాన్ని ధ్రువీకరించాడు, బతికున్నవాళ్ళని బతికున్నట్టు, పోయినవాళ్ళని పోయినట్టు ధ్రువీకరించాడు. ఒకసారి కోర్టు అడిగితే చింతచెట్టు వయసు కూడా రాసిచ్చాడు. గురువును ధ్రువీకరించమని మాత్రం ఆయన్ని ఎవరూ ఎన్నడూ అడగలేదు.

ఆ అవసరం మార్చి నెలలో వచ్చింది. ఎక్కడో వేరే జిల్లాలో ఒక స్వామి బయలుదేరి, హిమాలయాల్లో మూడు వందల ఏళ్ళ వయసున్న గురువు దగ్గర విద్య నేర్చానన్నాడు. పెద్ద పదవుల్లో ఉన్నవాళ్ళు చాలామంది ఆయన కాళ్ళ మీద పడ్డారు, పడుతూ ఫొటోలు తీయించుకున్నారు. తీరా చూస్తే ఆయన నేర్చుకున్నదంతా పక్క ఊళ్ళో సోడా షాపులోనని తేలింది. కాళ్ళ మీద పడినవాళ్ళ పరువు కాపాడవలసిన బాధ్యత ప్రభుత్వానిది గనక 'గురుత్వ ధ్రువీకరణ నియమావళి' పుట్టింది.

దాని సారాంశం చిన్నదే. ఎవరినైనా పదిమంది గురువు అనో, స్వామి అనో, యోగి అనో, అవధూత అనో పిలుస్తూ ఉంటే వారు ధ్రువీకరణ పత్రం తీసుకోవాలి. అందుకు తన గురువు పేరు, ఆ గురువుకు గురువు పేరు, ఆయన గురువు పేరు, ఇలా కింది నుంచి పైదాకా పరంపర మొత్తం కంప్యూటర్లో ఎక్కించాలి. ప్రతి పేరుకూ గుర్తింపు పత్రం ఉండాలి. దీక్ష ఇచ్చినప్పుడు పక్కనున్న సాక్షులు ఇద్దరు కావాలి. ఏ గడినీ ఖాళీగా ఉంచరాదు. గడువులోగా పత్రం తీసుకోనివారు అనధికార గురువులు. వారిని ఉన్న చోటు నుంచి ఖాళీ చేయించి జిల్లా కేంద్రంలో ఉన్న సంరక్షణ గృహానికి తరలించాలి.

ఉప్పుగుంటపాళెం తాసిల్దారు శేషఫణి గారు ఆ నియమావళిని మూడుసార్లు చదివి, పచ్చ సిరాతో గీతలు పెట్టుకున్నారు. ఆయనకు ఫైళ్ళ భాష ఎంతగా ఒంటబట్టిందంటే, ఇంట్లో భార్యతో కూడా "సాంబారులో ఉప్పు కొరత గమనించడమైనది" అంటారని ఆఫీసులో చెప్పుకునేవారు.

"పెంచలయ్యా, మన మండల పరిధిలో గురువులు ఎందరు ఉన్నారో నివేదించవలసి యున్నది."

"ఒకరే సార్," అన్నాడు రెవెన్యూ ఇన్‌స్పెక్టరు పెంచలయ్య. "బొంతమ్మ."

"ఆమె పరంపర ఏమి?"

"తెలియదు సార్."

"తెలియకపోవుట అనునది నియమావళిలో లేదు. విచారణ జరిపి, వారం రోజుల్లోగా సమర్పించుము. లేనియెడల ఆమెను గృహమునకు తరలించుటకు వాహనము సిద్ధముగానున్నది."

పెంచలయ్య తల ఊపి బయటికి వచ్చాడు గానీ ఆయన గుండెలో రాయి పడింది. అందుకో కారణం ఉంది. బొంతమ్మ ముప్పై ఏళ్ళుగా ఊరి చివర మూతపడిన ఉప్పు గోదాము అరుగు మీద ఉంటోంది. ఎండైనా వానైనా ఒక పాత బొంత కప్పుకుని కూర్చుంటుంది గనక ఆ పేరు. పొద్దున లేచి పొయ్యి మీద పెద్ద కుండతో రాగి గంజి ఎక్కిస్తుంది. నూకలు, రాగిపిండి ఎవరు తెచ్చిస్తారో ఎవరికీ తెలియదు. వచ్చినవాళ్ళకు ఆ గంజి పోస్తుంది. మంత్రం చెప్పదు, విభూది ఇవ్వదు, పేరు అడిగితే నవ్వి ఊరుకుంటుంది. జనం మాత్రం ఆమెను అవధూత అనేవారు.

రెండేళ్ళ కిందట పెంచలయ్య ఒక్కగానొక్క కూతురు తొమ్మిది రోజుల జ్వరంతో పోయింది. ఆయన భార్య చెంచులక్ష్మి ఆ రోజు నుంచి మాట మానేసింది, తిండి మానేసింది. డాక్టర్లు ఏవో బిళ్ళలు రాశారు. ఒకరోజు ఆమె తనంతట తానే నడుచుకుంటూ పోయి గోదాము అరుగు మీద కూర్చుంది. బొంతమ్మ ఆమెను ఏమీ అడగలేదు, ఓదార్చలేదు. చేతికి గరిటె ఇచ్చి, "తిప్పు, అడుగంటతాది," అంది. చెంచులక్ష్మి నలభై రోజులు గంజి తిప్పింది. నలభై ఒకటో రోజున ఒక గిన్నెడు పోసుకుని తాగింది. ఇంటికి వచ్చి, "చారు పెట్టనా?" అని పెంచలయ్యను అడిగింది. ఆ మాటకు ఆయన వంటింటి గుమ్మంలో కూలబడి ఏడ్చాడు.

అటువంటి మనిషిని వ్యాను ఎక్కించడానికి తాను సంతకం పెట్టాలి.

మర్నాడు పొద్దున ఫారం పట్టుకుని, తలారి చెంగయ్యను వెంటబెట్టుకుని గోదాము దగ్గరికి పోయాడు.

"అమ్మా, మీ గురువుగారి పేరు ఏందో గవర్నమెంటు వాళ్ళు అడగతా ఉండారు."

బొంతమ్మ గరిటె ఆపలేదు. గోదాము గోడ మీద బురద ఉండలు తెచ్చి గూడు కడుతున్న కందిరీగ వైపు గడ్డంతో చూపించింది. "అదో."

"అది కందిరీగ గదమ్మా."

"ఇల్లు కడతాది. కట్టి, దాంట్లో ఉండకుండా పోతాది. నాకా విద్దె రాను ఎన్నేళ్ళు పట్టిందో."

పెంచలయ్య పెన్సిలుతో 'కందిరీగ' అని రాసుకున్నాడు. చెంగయ్య గోడ వైపు తిరిగి చేతులు జోడించాడు, ఎందుకైనా మంచిదని.

"ఇంకెవరన్నా ఉండారా అమ్మా? మనిషైతే కొంచెం బాగుంటాది."

బొంతమ్మ అరుగు కింద పడుకున్న నల్లకుక్కను చూపించింది. "తిన్నంక గిన్నెకాడ కాపలా ఉండదు." తర్వాత కుండలో వేయబోతున్న ఉప్పు కల్లు చూపించింది. "దీన్ని ఏసినంక యాడుండాదో చూపించు నాకు." ఆ తర్వాత సముద్రం వైపు చెయ్యి తిప్పి, "గాలి," అంది. "పూలకాడికీ పోతాది, చేపలు ఎండేసిన కాడికీ పోతాది. ఏదీ మూట కట్టుకోదు."

పెంచలయ్య నాలుగూ రాశాడు. వీటికి గుర్తింపు పత్రాలు ఎక్కణ్ణుంచి తేవాలి?

"మనిషి గూడా ఒకడుండాడు," అంది బొంతమ్మ ఉన్నట్టుండి. "ముప్పై ఏళ్ళ కింద, సముద్రంలో పడదామని ఈ పక్కకు బస్సెక్కినా. మెట్టు మీదే నిలబడి పట్టు వదిలేద్దామా అని చూస్తా ఉండా. కండక్టరు అరిచినాడు. 'మెట్టు మీద నిలబడబాకండి, లోపలికి జరగండి, లోపల చోటుండాది' అని."

"తర్వాత?"

"జరిగినా."

"అంతేనా అమ్మా? ఇంకేం చెప్పలేదా?"

"అంతకంటే ఏం చెప్తారు ఎవురైనా?" అని గంజి గిన్నె చేతికిచ్చింది.

ఆ బస్సు ఏ డిపోదో, ఆ రోజుల్లో ఆ దారిన ఎవరు డ్యూటీ చేసేవారో వెతికి పట్టుకోవడానికి పెంచలయ్యకు నాలుగు రోజులు పట్టింది. కండక్టరు పేరు మస్తానయ్య. రిటైరై పన్నెండేళ్ళయింది. భార్య పోయింది. పక్క మండలంలో ఒక చిన్న పెంకుటింట్లో కోళ్ళకు నూకలు వేస్తూ కనిపించాడు. రెవెన్యూ వాళ్ళని చూడగానే గంప కింద పెట్టి లుంగీ దించుకున్నాడు.

"నా మీద ఎవురైనా కంప్లైంటు పెట్టినారా సార్?"

"కంప్లైంటు కాదయ్యా. మీరు గురువని ఒకరు చెప్పినారు."

"నేనా? గురువునా?" మస్తానయ్య వెనక్కి తిరిగి చూశాడు, వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని. పెంచలయ్య జరిగింది చెప్పాడు. వింటూ ఆయన మంచం మీద మెల్లగా కూర్చున్నాడు.

"ఆ మాట రోజుకు నాలుగొందల సార్లు అరిచుంటా సార్. ముప్పై నాలుగేళ్ళ సర్వీసు. ఒక్కరన్నా జరిగినోళ్ళు లేరు."

"ఫారం నింపాలయ్యా. మీది ఏ సంప్రదాయం?"

"ఆర్డినరీ సార్. ఎక్స్‌ప్రెస్ ఎప్పుడూ ఎక్కలా."

పెంచలయ్య 'సంప్రదాయం' అన్న గడిలో 'ఆర్డినరీ' అని రాశాడు. 'గురువు పేరు' దగ్గర మస్తానయ్య తనకు టిక్కెట్లు కొట్టడం నేర్పిన పాత కండక్టరు అంకయ్య పేరు చెప్పాడు. అంకయ్యకు ఎవరు నేర్పారో తెలియదట. పోయేటప్పుడు మస్తానయ్య వీధి చివరిదాకా వచ్చి, "ఆ తల్లి యాడుంటాదో ఒకసారి చెప్తారా సార్," అని అడిగి, అడ్రసు చేతి మీద రాయించుకున్నాడు.

ఫారం చూసి తాసిల్దారు గారు మొహం చిట్లించారు. "గురువు నిమిత్తము ఒకే గడి కేటాయించబడినది. అయిదుగురిని ఏ విధముగా ఇమిడ్చెదవు?"

"అనుబంధం జతపరచవచ్చు సార్."

అనుబంధం అన్న మాట వినగానే శేషఫణి గారి ముఖం విప్పారింది. అనుబంధం ఉన్న ఫైలు ఆయనకు ఎప్పుడూ ఇష్టమే. ఆ మధ్యాహ్నమే కూర్చుని సంబంధిత శాఖలన్నింటికీ లేఖలు రాయించారు: 'సదరు గురువు యొక్క గుర్తింపు, స్థిరనివాసం, సత్ప్రవర్తనలను నిర్ధారించి పంపవలసినదిగా.'

జవాబులు పది రోజుల్లో వచ్చాయి. పశువైద్యాధికారి, కందిరీగ పశుగణన జాబితాలో లేనందున తమ పరిధిలోకి రాదని రాశాడు. పంచాయతీ ఇంజనీరు మాత్రం స్వయంగా వచ్చి గోడ చూసి, ప్రభుత్వ గోదాముకు ఆనుకుని ప్లాను అనుమతి లేకుండా కట్టడం జరుగుతోందని కందిరీగకు నోటీసు అంటించి పోయాడు. ఉప్పు శాంపిలు పరీక్షకు పోయి వచ్చింది: 'అయొడిను తక్కువ. గురువుగా పనికివచ్చునా లేదా అన్న ప్రశ్నకు మా వద్ద పరికరాలు లేవు.' వాతావరణ కార్యాలయం గాలి గురించి రెండు పేజీలు రాసింది. సదరు గాలి ఏడాదిలో కొన్ని నెలలు నైరుతి నుంచి, కొన్ని నెలలు ఈశాన్యం నుంచి వస్తున్నందున దానికి శాశ్వత చిరునామా లేదు, స్థానికత వర్తించదు. కుక్క విషయంలో మాత్రం ఇబ్బంది రాలేదు. దాని మెడలో రేబిస్ టీకా బిళ్ళ ఉంది. మస్తానయ్య కాక మిగిలిన నలుగురిలో ప్రభుత్వ గుర్తింపు ఉన్నది దానికొక్కదానికే.

మేలో జిల్లా గురుత్వ ధ్రువీకరణ కమిటీ కలెక్టరేటు మీటింగు హాల్లో కూర్చుంది. బొంతమ్మ ఫైలు పట్టుకుని పెంచలయ్య వరండాలో నిలబడ్డాడు. జిల్లాలోని మఠాల వాళ్ళూ, పీఠాల వాళ్ళూ, కాషాయాలూ, రుద్రాక్షలూ కుర్చీలన్నీ ఆక్రమించుకుని టోకెన్ల కోసం ఎదురుచూస్తున్నారు. తలుపు తీసే ఉండటంతో లోపలి మాటలన్నీ వినపడుతూనే ఉన్నాయి.

మొదటి టోకెను ఒక మౌనస్వామిది. ఆయన పంతొమ్మిదేళ్ళుగా మాట్లాడలేదు.

"వాంగ్మూలం నోటితోనే ఇవ్వాలి," అన్నాడు కమిటీ అధ్యక్షుడు. "రాతపూర్వక వాంగ్మూలానికి నియమావళిలో వీలు లేదు."

స్వామి పలక మీద ఏదో రాశాడు. అధ్యక్షుడు చూడకుండా, "గైర్హాజరు" అని రాయించాడు.

రెండోవాడు తాంత్రికుడు. నొసటి నిండా సిందూరం. భైరవుడు తనకు కలలో దీక్ష ఇచ్చాడన్నాడు.

"అభ్యంతరం లేదు. దీక్ష సమయంలో హాజరుగా ఉన్న సాక్షులు ఇద్దరు కావాలి."

"కలలోనండీ!"

"అర్థమైంది. అదే కల కన్న ఇద్దరిని తీసుకురండి."

ఆయన మధ్యాహ్నానికల్లా ఇద్దరిని తెచ్చాడు. ఇద్దరూ తాము ఫలానా అమావాస్య నాడు ఫలానావారి కలలో నిలబడి చూశామని నోటరీ దగ్గర ప్రమాణపత్రం రాసిచ్చారు. అయితే ఒకడు భైరవుడి వెంట కుక్క ఉందన్నాడు, రెండోవాడు లేదన్నాడు. దరఖాస్తు తిరస్కరించారు.

మూడో మఠం వాళ్ళకు ఇంకో చిక్కు వచ్చింది. వాళ్ళ నాలుగో గురువు రెండు వందల ఏళ్ళ కిందట జీవసమాధిలోకి వెళ్ళాడు. పోయిన గురువులకు మరణ ధ్రువీకరణ పత్రం పెట్టాలి. ఆయన పోలేదు, లోపల సమాధిలో ఉన్నాడని మఠం వాదన. పోకపోతే బతికున్నట్టే. బతికున్నవారు వేలిముద్ర వేయాలి. వేలిముద్ర యంత్రాన్ని సమాధి దగ్గరికి తీసుకుపోవడానికి ఒక ఉపసంఘం వేశారు.

నాలుగోది జిల్లాకంతటికీ పెద్ద పీఠం. వాళ్ళు పకడ్బందీగా వచ్చారు. ముప్పై ఎనిమిది తరాల పరంపర, ప్రతి తరానికీ పత్రాలు, పత్రాలకు ప్లాస్టిక్ తొడుగులు. కంప్యూటర్ ఆపరేటరు ఒక్కొక్క పేరే ఎక్కించుకుంటూ పైకి పోయాడు. చిట్టచివరికి దక్షిణామూర్తి దగ్గర ఆగాడు.

"ఈయన గురువు పేరు?"

పీఠం మేనేజరు నవ్వాడు. "ఆయనకు గురువు ఎవరండీ! ఆయన ఆదిగురువు. మర్రిచెట్టు కింద మౌనంగా కూర్చుని మునులందరికీ బోధించినవాడు."

"ఆది అయినా అంత్యమైనా గడి ఖాళీగా ఉంచరాదు," అన్నాడు ఆపరేటరు. "ఎర్ర చుక్క ఉంది చూడండి. నింపకపోతే ముందుకు పోదు."

గీత పెట్టి చూశాడు. తీసుకోలేదు. 'లేరు' అని కొట్టాడు. 'లేరు గారి గురువు పేరు తెలుపుము' అని అడిగింది. చివరికి 'శివుడు' అని కొట్టాడు. 'ఈ వ్యక్తి పేరు ఇంతకుముందే నమోదైనది' అని తెర ఎర్రబడింది.

కమిటీ సభ్యులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అధ్యక్షుడు గొంతు సవరించుకుని, "చట్టం ముందు అందరూ సమానమే," అన్నాడు. "సంబంధిత వ్యక్తికి నోటీసు జారీ చేయండి."

జిల్లాలో దక్షిణామూర్తి విగ్రహం ఉన్న పాత శివాలయం ఉప్పుగుంటపాళెం మండలంలోనే ఉంది. కాబట్టి నోటీసు అందించే పని కూడా పెంచలయ్య మెడకే పడింది. గుడి దక్షిణపు గోడ గూట్లో, చిన్ముద్ర పట్టి కూర్చున్న స్వామి పాదాల పక్కన చెంగయ్య మైదాపిండి పూసి కాగితం అంటించాడు. 'తమరి గురువు పేరు, చిరునామా, గుర్తింపు వివరములను పదిహేను రోజులలోగా సమర్పించని యెడల తమరికి చెప్పుకొనుటకు ఏమియు లేదని భావించి ఏకపక్షముగా ఉత్తర్వులు జారీ చేయబడును.'

పూజారి వచ్చి కాగితం చదివాడు. "రసీదు మీద ఎవురు సంతకం పెట్టాల? నేనా, స్వామా?"

"మీరే పెట్టండి, ఆయన తరఫున."

పూజారి సంతకం పెట్టి, విగ్రహానికి పెట్టిన గన్నేరు పూలలో ఒకటి తీసి నోటీసు మీద కూడా పెట్టాడు. పదిహేను రోజులూ అలాగే పెట్టాడు. పదహారో రోజున ఉత్తర్వు వచ్చింది: 'ప్రతివాది నోటీసు అందిన తరువాత కూడా మౌనం వహించియున్నారు. కావున వారి గురుత్వము రద్దు చేయడమైనది. వారి నుంచి ఉద్భవించిన పరంపరలన్నియు తదనుగుణముగా రద్దగును.'

అలా ఒక్క సంతకంతో జిల్లాలోని రెండు వందల పదకొండు మంది గురువులూ, ఇంకా టోకెను వంతే రాని బొంతమ్మతో సహా, అనధికారులయ్యారు. పెద్ద పీఠం వాళ్ళు హైకోర్టుకు పోయి ఆపించుకున్నారు. చిన్నవాళ్ళు పక్క జిల్లాలకు సర్దుకున్నారు. తాంత్రికుడు హోమియోపతి బోర్డు పెట్టుకున్నాడు. పోవడానికి ఎక్కడా చోటు లేనిది బొంతమ్మకే.

సోమవారం ఉదయానికల్లా వ్యాను పంపిస్తామని జిల్లా నుంచి ఫోను వచ్చింది. శనివారం సాయంత్రం పెంచలయ్య ఇంటికి పోతే చెంచులక్ష్మి వాకిట్లోనే నిలబడి ఉంది. ఆమె చేతులకు ఇంకా రాగిపిండి అంటుకుని ఉంది.

"బొంతమ్మను తీసకపోతారంట గదా?"

పెంచలయ్య చెప్పులు విప్పుతూ నేలను చూశాడు.

"నువ్వేం చేస్తావో నాకు తెలవదు," అంది ఆమె. గొంతు పెంచలేదు. "ఇరవై ఆరేళ్ళుగా ఊళ్ళో వాళ్ళందరి కోసం రాసినావు. ఒక కాగితం నా కోసం రాయి."

ఆదివారమంతా పెంచలయ్య నియమావళిని ముందేసుకుని కూర్చున్నాడు. నలభై ఆరు సెక్షన్లు. మధ్యాహ్నం భోజనం చల్లారిపోయింది. పొద్దు వాలే వేళకు ఆయన పెన్ను తీశాడు. సోమవారం పొద్దున తొమ్మిదిన్నరకు, వ్యాను కంటే ముందు, నోటు తాసిల్దారు బల్ల మీద ఉంది.

'సదరు బొంతమ్మ తాను గురువునని ఫైలులో ఎక్కడా చెప్పియుండలేదు. ఆమె అయిదుగురు గురువులకు శిష్యురాలని మాత్రమే విచారణలో తేలినది. నియమావళి గురువులకు వర్తించును. శిష్యులకు ధ్రువీకరణ అవసరమని ఏ సెక్షనులోను లేదు.'

శేషఫణి గారు నోటును రెండుసార్లు చదివారు. పచ్చ పెన్ను తీసి, మూత పెట్టి, మళ్ళీ తీశారు.

"అయినచో అనధికార గురువులు?"

"అనుబంధంలో ఉన్నవాళ్ళు సార్. అయిదుగురు."

"మన మండలము నుండి ఒక్కరిని ఖాళీ చేయించవలసినదిగా లక్ష్యము నిర్దేశింపబడినది." ఆయన కాసేపు లెక్క చూసుకున్నారు. "అయిదుగురు అనగా లక్ష్యమునకు అయిదింతలు."

"అవును సార్."

"వ్యానును తిప్పి పంపుము," అన్నారు తాసిల్దారు గారు, సంతకం పెడుతూ. "అయిదుగురి ఖాళీ ప్రక్రియను వెంటనే ప్రారంభింపుము."

పెంచలయ్యకు ఆ క్షణాన ఆయన కాళ్ళ మీద పడాలనిపించింది. నియమావళి గుర్తొచ్చి ఆగిపోయాడు.

ఖాళీ చేయించడం అనుకున్నంత కష్టం కాలేదు. కందిరీగ గూడు పూర్తి చేసి అప్పటికే వెళ్ళిపోయింది. 'స్వచ్ఛందంగా ఖాళీ చేసినది' అని పంచనామా రాశారు. ఉప్పును చెంగయ్య చెంబెడు నీళ్ళలో వేశాడు. 'ఎదుట నిలబడి ఉండగానే అదృశ్యమైనది' అని రాశారు. కుక్కకు ఉత్తర్వు చదివి వినిపిస్తుంటే అది లేచి, ఒళ్ళు విరుచుకుని, ఉప్పుమళ్ళ గట్టు మీదుగా పక్క గ్రామం హద్దులోకి నడిచిపోయింది. ఈలోగా సంతకాలు పూర్తి చేశారు.

మస్తానయ్య దగ్గరే కొంచెం చిక్కు వచ్చింది. మనిషి గనక సంరక్షణ గృహానికి పంపక తప్పదు. కానీ ఆయన ఇంటికి పోతే తాళం వేసి ఉంది. కోళ్ళు పక్కింట్లో ఉన్నాయి. ఆయన పది రోజులుగా గోదాము అరుగు మీద గిన్నెలు కడుగుతూ ఉన్నాడు.

"ఇక్కడేం చేస్తా ఉండారయ్యా మీరు?" అన్నాడు పెంచలయ్య.

"నా మాట ఒకరు ఇన్నారని చెప్తివి గద సార్. ఇని ఏం చేసిందో చూద్దామని వస్తి," అన్నాడు మస్తానయ్య. గిన్నె తుడుచుకుంటూ, "చూస్తే నేనే నేర్చుకోవాల్సిందని తెలిసింది. నన్ను గూడా శిష్యుడని రాసుకోండి," అన్నాడు.

పెంచలయ్య నియమావళి తిరగేశాడు. ఒకే వ్యక్తి ఏకకాలంలో రెండు హోదాల్లో కొనసాగరాదని ముప్పై మూడో సెక్షను స్పష్టంగా చెబుతోంది. మస్తానయ్య గురువు హోదాకు రాజీనామా రాసిచ్చాడు. కింద వేలిముద్ర కాదు, కండక్టర్ల సంతకం, ఒక్క గీతలో. 'గురువు హోదాను ఖాళీ చేసినారు' అని పంచనామా రాశారు. రాజీనామా కాగితం అందుకున్న బొంతమ్మ దాన్ని మడిచి పొయ్యిలోకి తోసి, "రాజుకుంది గదా, కుండ ఎక్కించండి," అంది.

ఇక గాలి. ఉత్తర్వు చదివే రోజున ఆకు కదలలేదు. 'విచారణ సమయమున నివాసములో లేదు. జిల్లా విడిచి వెళ్ళినట్లు భావించడమైనది.'

జూలైలో గురుపౌర్ణమి నాడు జిల్లా కేంద్రంలో పెద్ద సభ జరిగింది. రాష్ట్రంలోనే తొలి 'అనధికార గురు రహిత జిల్లా'గా ప్రకటించారు. లక్ష్యానికి అయిదింతలు సాధించిన తాసిల్దారుగా శేషఫణి గారికి శాలువా కప్పారు. ఆయన ప్రసంగిస్తూ, "ఈ పురస్కారము నాది కాదు, సిబ్బందిది అని తెలియజేయుటకు సంతసించుచున్నాను," అన్నారు. పెంచలయ్యకు ప్రశంసాపత్రం ఇచ్చారు. చెంచులక్ష్మి దాన్ని రాగిపిండి డబ్బా మీద మూతగా సరిపోతుందేమో చూసింది, సరిపోయింది.

పది రోజుల తర్వాత పక్క జిల్లా నుంచి ఒక లేఖ వచ్చింది. 'తమ జిల్లా నుండి బహిష్కరింపబడిన గాలి అను పేరుగల అనధికార గురువు ఈ నెల పదమూడో తేదీ నుండి మా జిల్లాలో అక్రమముగా సంచరించుచు, మూడు చోట్ల రేకుల షెడ్లు, ఒక చోట మంత్రిగారి స్వాగత తోరణము పడగొట్టినట్లు ఫిర్యాదులందినవి. మా జిల్లా కూడా గురు రహిత పురస్కారమునకు దరఖాస్తు చేసియున్నందున, సదరు గాలిని తమరు తక్షణము వెనుకకు తీసికొనవలసినదిగా కోరడమైనది.'

శేషఫణి గారు లేఖను పెంచలయ్య వైపు జరిపారు. "స్వయముగా వెళ్ళి స్వాధీనపరచుకొని, అంగీకార పత్రముపై సంతకము తీసికొని రావలెను. తదుపరి చర్య గురించి ఆలోచింతము."

పెంచలయ్య వెళ్ళాడు. జిల్లా హద్దు ఏటి మీది వంతెన. ఆ పక్కన ఒక రెవెన్యూ ఇన్‌స్పెక్టరు అప్పగింత కాగితాలతో గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు. గొడుగు అప్పటికే తిరగబడి ఉంది. ఇద్దరూ ఒకరి కాగితాల మీద ఒకరు సంతకాలు పెట్టుకుని, టీ తాగి విడిపోయారు. పెంచలయ్య స్కూటరు స్టాండు వేసి, చెప్పులు విడిచి, వంతెన మధ్యలో అరగంట సేపు ఒంటరిగా నిలబడ్డాడు. కూతురు పోయాక ఆయన అంత నింపాదిగా ఊపిరి తీసుకున్నది ఆ రోజే. అది డైరీలో రాయలేదు. డైరీలో రాసింది ఇంతే:

'వంతెన వద్దకు వెళ్ళితిని. సదరు గాలి ఎదురైనది. ఉత్తర్వు చదివి వినిపించితిని. నాతోపాటే తిరిగి మన మండలములోనికి ప్రవేశించినది. అంగీకార పత్రముపై సంతకము కోరగా, కాగితము లాగికొని వెళ్ళిపోయినది.'

దాని కింద శేషఫణి గారు పచ్చ సిరాతో రాశారు: 'కాగితము స్వీకరించినందున, నోటీసు అందినట్లుగానే పరిగణించడమైనది.'